వేకువన విప్పిన కుట్లు

ఊరింకా ఆవులిస్తూ ఉండగానే ఆ సందులో ఒక తలుపు తెరుచుకునేది. పక్కింటి పిల్లికైనా వినబడకుండా తాళం తీయడం పుస్తకాలకు బైండు కట్టే మేస్త్రికి పందొమ్మిదేళ్ళ అభ్యాసం. లోపల పొడవాటి గది, గది నడుమ అంతే పొడవైన బల్ల, కిటికీ దగ్గర సూదులు గుచ్చిన దిండు, మూలన జిగురు కాచే పొయ్యి, గోడవారగా నాలుగు బిగింపు మరలు. నిన్నటి పగలు కట్టిన పుస్తకాలు ఆ మరల నడుమ అణిగిమణిగి, పాఠం అప్పజెప్పవలసిన శిష్యుల్లా ఊపిరి బిగబట్టి ఉండేవి.

మేస్త్రి ముందుగా కళ్ళు మూసుకుని, “నా దగ్గర పనిచేసేవాళ్ళ ముఖాలు చిన్నబోకుండా చూడు స్వామీ” అని దైవాన్ని వేడుకునేవాడు. పిమ్మట మర వదులు చేసి, ఒక్కొక్క పుస్తకాన్నే తీసి, దాని వెన్నుమీద కుడిచేతి బొటనవేలు ఆనించి పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చేవాడు. నాడి చూసే వైద్యుడి వేలికి రోగి చెప్పని సంగతులు కూడా తెలుస్తాయంటారు. మేస్త్రి వేలూ అటువంటిదే. లోపలెక్కడో ఒక ముడి వదులైతే అది ఆగేది. అట్టకూ వెన్నుకూ నడుమ జిగురు పట్టకపోతే అది ఆగేది. అందుకే వీధిలో అందరూ ఆయనను బొటనవేలు మేస్త్రి అనేవారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల ముచ్చట.

అయితే ఆ వేలు ఆగిన తరువాత జరిగేది మాత్రం వీధికి తెలియదు. మేస్త్రి ఆ పుస్తకం అట్ట విప్పేవాడు. వదులైన కుట్టు తీసి మళ్ళీ కుట్టేవాడు, అదే దారం, అదే సూది. చిన్న గిన్నెలో జిగురు కాచి, వెన్నుకు రాసి, తిరిగి అదే మరలో, అదే వరసలో, ఏమీ ఎరగనట్టు పెట్టేసేవాడు. ఒకనాడు మూడు, ఒకనాడు ఎనిమిది. తొమ్మిదింటికి పనివాళ్ళు వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని కాగితం చదువుతూ ఉండేవాడు. “ఏం మేస్త్రిగారూ, ఎలా ఉన్నాయి నిన్నటివి?” అని వాళ్ళడిగితే, “ముత్యాల్లా ఉన్నాయి” అనేవాడు.

ఎందుకీ దాగుడుమూతలంటే, దానికొక పాత గాయం ఉంది. పద్నాలుగేళ్ళ వయసులో ఆయన తొలిసారిగా కట్టిన పుస్తకాన్ని నాటి యజమాని పదకొండు మంది ముందు ఎత్తి చూపించి, “ఇది పుస్తకమా, గుడ్డల మూటా?” అని రెండుగా చీల్చి గది నడుమ విసిరేశాడు. పదకొండు మందీ నవ్వారు. ఆ నవ్వు నలభై ఎనిమిదేళ్ళయినా ఆయన చెవుల్లోంచి దిగలేదు. సొంత పనిశాల పెట్టుకున్న నాడే ఒక ఒట్టు పెట్టుకున్నాడు: నా కప్పు కింద ఎవరి తప్పూ గది నడుమకు రాదు. అందరి తప్పులూ తన కడుపులోనే పెట్టుకున్నాడు. దయకూ కొలత ఉంటుందనీ, కొలత మీరితే మందే విషమవుతుందనీ పెద్దలు చెప్పిన మాట ఆయన విననిది కాదు. అది తనకోసం చెప్పినదనిపించలేదు, అంతే.

సంగతి తెలిసిన మనిషి ఒక్క ఇల్లాలే.

ఒకనాటి వేకువ వానకు తడిసిన మెట్టుమీద మేస్త్రి కాలు జారింది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఆరువారాలు కట్టు కదపకూడదన్నాడు డాక్టరు.

“కింది మెట్టు కాబట్టి సరిపోయింది. పై మెట్టయితే సూదక్క చేత మిమ్మల్ని కుట్టించాల్సి వచ్చేది” అంది ఇల్లాలు, దిండు సర్దుతూ. సూదక్క అంటే పనిశాలలో కుట్టుపనికి పెద్ద. ఎడమచేతివాటం మనిషి. కుట్టు ఎంత వేగమో మాట అంతకు రెండింతలు. “ఇప్పుడైనా మీ మేనకోడలికి చెప్పండి, పొద్దున్నే మీరు చేసే దొంగపని సంగతి.”

“దొంగపనేమిటే! దొంగైతే పట్టుకుపోతాడు. నేను పెట్టి వస్తున్నాను.”

“పెట్టేది చెప్పి పెట్టాలి. చెప్పకుండా పట్టుకుపోయినా, చెప్పకుండా పెట్టి వచ్చినా, రెండూ గోడ దూకడమే.”

మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మేనకోడలు ఆయన అక్క కూతురు. ముప్ఫై రెండేళ్ళది. ఒక సరుకుల గిడ్డంగిలో రాకపోకలు చూసే ఉద్యోగం మానుకుని నాలుగేళ్ళ కిందట మావయ్య దగ్గర చేరింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. తాళంచెవి ఆమె చేతిలో పెడుతూ మేస్త్రి ఒక్కటే మాట చెప్పాడు: “దేన్నీ మార్చకమ్మా. ఉన్నది ఉన్నట్టు జరిగిపోనీ.” ఆమె దేన్నీ మార్చలేదు. ఆ వారమే గ్రంథాలయం నుంచి వచ్చిన నూట ఇరవై పిల్లల పుస్తకాలు, చదివి చదివి చీలికలైనవి, నాలుగు రోజుల్లో కొత్త అట్టలు తొడుక్కుని వెళ్ళిపోయాయి. గడువుకు ఒకరోజు ముందే వెళ్ళాయని అందరూ సంబరపడ్డారు.

అయిదోవారం చివర మేస్త్రి, చేతిని మెడకు వేలాడదీసుకుని, ఊసుపోక పనిశాలకు వచ్చి కూర్చున్నాడు. అప్పుడే రెండు పెట్టెలతో లైబ్రేరియన్ గారు లోపలికి వచ్చారు. నెరిసిన జుట్టు, మెడలో కళ్ళద్దాల గొలుసు. పుస్తకాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునే మనిషి ఆవిడ. నాడు మాత్రం పెట్టెను బల్లమీద దబ్బున దించారు.

“నలభై ఒకటి, మేస్త్రిగారూ. నూట ఇరవైలో నలభై ఒకటి వెన్ను వదిలేశాయి. పిల్లలు చదివారంతే, కుస్తీ పట్టలేదు.”

ఆవిడ ఒకదాన్ని తీసి, ఊడిన వెన్ను తెరిచి చూపించారు.

“ఇన్నేళ్ళలో మీ దగ్గర్నుంచి ఒక్కటి తిరిగి రాలేదు. అది చూసే మా నేలమాళిగలోని నాలుగు వేల పాత పుస్తకాలూ మీకే ఇప్పించాలని పైవాళ్ళతో చెప్పాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?” ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ముప్ఫై పుస్తకాలిస్తాను. నెల గడువు. అవి నిలబడితే నాలుగు వేలూ మీవి. లేదంటే యంత్రాలమీద కట్టే వాళ్ళకి పంపించేస్తారు. ఆపైన నా చేతుల్లో ఏమీ ఉండదు.”

నాలుగు వేలంటే మూడేళ్ళ పని. అది లేకపోతే ఈ గదిలోని ఆరుగురూ తలా ఒక దిక్కు చూసుకోవలసిందే. చేత్తో కట్టించుకునేవాళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్నారని అందరికీ తెలుసు.

ఆవిడ వెళ్ళగానే తేనెతుట్టె కదిలింది.

“పందొమ్మిదేళ్ళలో నా కుట్టు ఊడిందన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, చెవి కోయించుకుంటా!” అంది సూదక్క.

“నా జిగురు పెట్టి అతికిస్తే పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళామూ కూడా ఊడిరారు” అన్నాడు మేస్త్రి బావమరిది. ఇల్లాలికి తమ్ముడు. జిగురు పొయ్యికి అధిపతి. “కావాలంటే మా అక్కనీ బావనీ చూడండి.”

“కొలతలు కొలతలే” అన్నాడు అట్టలు కోసే ముసలాయన. చెవిమీద పెన్సిలూ చంకలో కొలబద్దా లేనిదే ఆయనను ఎవరూ చూడలేదు గనక కొలబద్ద తాత అని పేరు. కాగితాలను కుట్టుకు వీలుగా ఫారాలు మడిచే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

వాళ్ళలో ఎవరూ అబద్ధమాడడం లేదు. అదే చిత్రం. పందొమ్మిదేళ్ళుగా తమ చేతినుంచి ముత్యాలే రాలుతున్నాయని మేస్త్రి నోటితో విన్నవాళ్ళు. ఇక మిగిలిన దారి ఒక్కటే. చూపులన్నీ మేనకోడలి వైపు తిరిగాయి.

“మారింది ఒకటేగా. కుర్చీలో మనిషి” అంది సూదక్క, దారం కొరుకుతూ.

“నేను దేన్నీ మార్చలేదు మావయ్యా” అంది మేనకోడలు. గొంతు పైకి లేవలేదు. “మీరు చెప్పినట్టే చేశాను.”

మేస్త్రి పెదవి విప్పాడు. నిజం గొంతుదాకా వచ్చి, గడప దాటలేని కొత్త కోడలిలా అక్కడే నిలిచిపోయింది. “చూద్దాం లెండి” అని లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. గది నడుమకు ఎవరి తప్పూ రాకూడదనుకున్నవాడి కళ్ళముందే, తప్పు చేయని మనిషి గది నడుమ నిలబడింది.

“మీ గుట్టు ఆ పిల్ల మెడకి చుట్టుకుందన్నమాట. ఇన్నాళ్ళూ పాలు పోసి పెంచారుగా!” అంది ఇల్లాలు, సంగతి విని.

కట్టు విప్పితే చాలు, ముప్ఫై పుస్తకాలే కదా, తెల్లవారకముందే వెళ్ళి ముప్ఫైనీ సరిచేసేస్తాను, ఎవరికీ నొప్పి లేకుండా గండం గడిచిపోతుంది అనుకున్నాడు మేస్త్రి.

వారానికి కట్టు విప్పారు. ఎముక అతికింది. బొటనవేలికి మాత్రం స్పర్శ లేదు. “నరం నలిగింది. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు” అన్నాడు డాక్టరు. మరునాటి వేకువన మేస్త్రి తలుపు తీసి, మరలోంచి ఒక పుస్తకం తీసుకుని వెన్ను నొక్కాడు. మూగది. కొయ్యను నొక్కినట్టుంది. ఎడమ బొటనవేలితో నొక్కి చూశాడు. దానికి ఆ భాష రాదు. పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

తలుపు చప్పుడైంది. మేనకోడలు. చేతిలో ఒక సంచీ, మడిచిన కాగితం. ఎవరూ రాకముందే తన సామాను తీసుకుని, ఆ కాగితం బల్లమీద పెట్టి పోదామని వచ్చింది.

“మీరేంటి మావయ్యా, ఇంత పొద్దున్నే?”

“నువ్వేంటమ్మా?”

ఆమె కాగితం చూపించింది. “నేనుంటే వాళ్ళకి పని మీద మనసు నిలవదు. సూదక్క నా ముఖమే చూడటం లేదు. మానేస్తున్నాను. మీకు మాట రాకూడదు.”

ఆ చివరి మాట ఆయనను కోసింది. తాను పందొమ్మిదేళ్ళుగా ఇతరులకోసం చేస్తున్నదే ఆమె ఇప్పుడు తనకోసం చేయబోతోంది, నోరెత్తకుండా భారం మోసుకుపోవడం. ఎదుటివారిలో చూస్తే గానీ అది త్యాగమో తప్పో ఆయనకు తెలియలేదు.

“కూర్చో” అన్నాడు. మొత్తం చెప్పాడు. మెట్టుమీద జారిన నాటి వేకువ ఎందుకు వచ్చాడో, అంతకు ముందరి వేకువలన్నీ ఎందుకు వచ్చాడో.

ఆమె మరలవైపు చూసింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాడు. “రోజుకి ఎన్ని?” అని మాత్రం అడిగింది.

“సగటున అయిదు.”

“ఏ అయిదు? ఎవరివి? ఏం పోయేది?”

మేస్త్రికి తెలియదు. విప్పడం, కుట్టడం, మరవడం, ఇంతే చేశాడు గానీ ఏ రోజూ అది ఆలోచించలేదు. గిడ్డంగిలో పదేళ్ళు చేసిన మనిషికి మొదట తట్టే ప్రశ్న ఆయనకు పందొమ్మిదేళ్ళలో తట్టలేదు.

“మావయ్యా, నాకు చెప్పి లాభం లేదు. వాళ్ళకి చెప్పండి.”

“వాళ్ళ ముఖాలు…”

“వాళ్ళ ముఖాలు వాళ్ళు కడుక్కుంటారు. మీరు చెప్పండి.” కాగితాన్ని నాలుగు మడతలు చేసి సంచిలో వేసుకుంది. చింపలేదు.

తొమ్మిదింటికి అందరూ వచ్చాక మేస్త్రి గది నడుమకు వెళ్ళి నిలబడ్డాడు. పద్నాలుగో ఏట ఆయన పుస్తకం పడినది ఇటువంటి చోటే. “ఆ నలభై ఒకటికీ అమ్మాయి బాధ్యురాలు కాదు. నేను బాధ్యుణ్ణి” అని మొదలుపెట్టి, ఎక్కడా తడుముకోకుండా ముగించాడు.

ముందుగా నవ్వింది సూదక్కే. “భలే చెప్పారు! ఆ పిల్లని కాయడానికి మీ నెత్తిన వేసుకుంటున్నారా? నా ముడి ఎడమవాటం మేస్త్రిగారూ. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. మీరు విప్పి కుట్టి ఉంటే ముడి చూసి నేను పట్టుకోనూ?”

మేస్త్రి దిండులోంచి సూది తీశాడు. బల్లమీదున్న ఫారాల వెన్నులోంచి దారం పోనిచ్చాడు. స్పర్శలేని వేలు రెండుసార్లు జారింది. మూడోసారి, కుడిచేతివాటం మనిషి ఎడమనుంచి దారం తిప్పి, కింది కుట్టు కిందనుంచి లాగి, ముడి వేశాడు. అచ్చు సూదక్క ముడి. చివర్లో ఆమె ఇచ్చే చిన్న మెలికతో సహా.

సూదక్క వంగి చూసింది. నవ్వు ఎండిపోయింది.

“నా ముడి మీరు నేర్చుకున్నారు” అంది మెల్లగా. “మీ ముడి మాత్రం నాకు నేర్పలేదు.”

వేలికి తొడుక్కున్న లోహపు తొడుగు తీసి బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. దాచిపెట్టిన దయ ఎంత పెద్దదైనా ఒక్క పాఠానికి సరిరాదని ఆ క్షణాన మేస్త్రికి తెలిసింది. మిగతావాళ్ళు ఆ రోజంతా తలెత్తకుండా పనిచేశారు. బావమరిది ఒక్క హాస్యమూ ఆడలేదు. అది వేరే శిక్ష.

మరునాడు తొమ్మిదయింది, తొమ్మిదిన్నర అయింది. కిటికీ దగ్గరి కుర్చీ ఖాళీ. వేలితొడుగు నిన్నటి చోటే ఉంది. మేస్త్రి దాన్ని తాకలేదు, ఎవరినీ తాకనివ్వలేదు. పదింటికి గుమ్మంలో గొంతు వినిపించింది.

“రాననుకున్నారా? నా తొడుగు ఇక్కడే వదిలి వెళ్ళానుగా! కోపం వేరు, సామాను వేరు.” సూదక్క లోపలికి వచ్చి పైట బిగించింది. “నిన్నంతా ఏడ్చాను, తరవాత మీ మీద తిట్లన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది పనే. ఆ నలభై ఒకటీ బల్లమీద పెట్టించండి. విప్పుదాం. నా కళ్ళముందు విప్పుదాం.”

విప్పారు. జిగురు ఎండి పొలుసులు రాలుతున్న వెన్నులు, లోకం చూడలేక తలవంచుకున్నట్టు వాలిన అట్టలు. ఒక్కొక్కటీ పట్టి చూసి సూదక్క పక్కన పెడుతోంది. “ఇది కుట్టు కాదు… ఇదీ కాదు… ఇది నాదే. ముడి వదులు.” ఆ పుస్తకాన్ని తనవైపు విడిగా పెట్టుకుంది. “ఇదీ నాదే.” చివరకు ఎనిమిది ఆమెవి తేలాయి. మిగిలిన ముప్ఫై మూడింటిలో కుట్టు నిక్షేపంగా ఉంది. వెన్ను జిగురే పట్టు వదిలేసింది.

అంతవరకూ గోడకానుకుని నిలబడ్డ కొలబద్ద తాత దగ్గ‌రకు వచ్చి, ఒక అట్టకు లోపలివైపు అతికించిన కాగితం మొన పట్టి లాగాడు. కింద పెన్సిలుతో చిన్న అంకె: ఇరవై రెండు.

“ఏమిటి తాతా అది?” అంది మేనకోడలు.

“రోజూ ఒకటి నుంచి వేసుకుంటాను. ఎన్ని కోశానో తెలియాలిగా.”

“ఎప్పట్నుంచి?”

“పళ్ళున్నప్పట్నుంచి.”

“చెప్పలేదే!”

“అడిగావా?”

ముప్ఫై మూడింటి కాగితాలూ లాగారు. పందొమ్మిది, ఇరవై ఆరు, ముప్ఫై, ఇరవై ఒకటి. రోజుకు ముప్ఫై కట్టారు. అంకెలన్నీ పద్దెనిమిది దాటినవే. మేనకోడలు తలెత్తింది. “పద్దెనిమిది దాకా పొద్దుటిపూటే అయిపోతాయి. ఇవన్నీ భోజనాల తరవాతవి. తరవాత ఏం మారుతోంది?”

అందరూ పొయ్యివైపు చూశారు. బావమరిది మెడ తడుముకున్నాడు.

“మారడానికేముంది? పొద్దున్న కాచిన జిగురు మధ్యాహ్నానికి గట్టిపడుతుంది. కాసిని నీళ్ళు పోసి కలుపుతాను.”

“ఎన్నాళ్ళుగా బావమరిదీ?” అన్నాడు మేస్త్రి.

“మా అక్క నీ చేతిలో పడ్డప్పట్నుంచీ అనను గానీ, పదిహేనేళ్ళ పైమాటే. రెండోసారి కాస్తే మంచిదేమోనని ఒకప్పుడు అనుకున్నాను కూడా. నువ్వేమో పొద్దున్నే ముత్యాలంటావు! ముత్యాలు వస్తుంటే రెండోసారి పొయ్యి ఎవడు ముట్టిస్తాడు, నాకేమన్నా పిచ్చా?”

మేస్త్రి పొయ్యివంక చూస్తూ ఉండిపోయాడు. పదిహేనేళ్ళు. ఎన్ని వేల వేకువలు! చల్లటి మెట్లు, నిద్రకళ్ళు, గుట్టుగా కాచిన జిగురు, ఇదంతా ఒక చెంబెడు నీళ్ళకు చేసిన వైద్యం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆయన ఎవరూ అడగకుండానే పెట్టాడు, వాళ్ళు పెట్టారని తెలియకుండానే తిన్నారు. ఎవరి ఆకలి ఏమిటో ఎవరికీ తెలియలేదు. పుండు కనబడకుండా కట్టు కట్టినవాడే అది మానకుండా కాపు కాశాడు. ఆ తలంపుకు ఆయనకు ఏడుపు రావలసింది. నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి బావమరిది, “హమ్మయ్య, తిడతావనుకున్నాను” అన్నాడు. “తిట్లు మీ అక్కకి అప్పజెప్పాను, ఇంటికెళ్ళి వినిపించుకో” అన్నాడు మేస్త్రి. నిన్న పొద్దుటి తరువాత ఆ గదిలో మొదటి నవ్వులు అవి.

సూదక్క మేనకోడలి దగ్గరకు వెళ్ళింది. “అమ్మాయ్, ఆ రోజు నీ మీద వదిలిన మాట విప్పి వెనక్కి తీసుకోవడానికి అది కుట్టు కాదు. టీ తాగుతావా?”

“చక్కెర ఎక్కువ” అంది మేనకోడలు. సంచిలోని కాగితం ఆ సాయంత్రం పొయ్యిలోకి వెళ్ళిందని బావమరిది తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ముప్ఫై పుస్తకాల పని మొదలైంది. జిగురు పొద్దునొకసారి, భోజనాల తరువాత మరొకసారి కాచారు. కొలబద్ద తాత అంకె ఇప్పుడు దాక్కోలేదు. మొదటి పుటకు అంటించిన చీటీమీద అంకె, పక్కన కుట్టినవారి గుర్తు, అతికించినవారి గుర్తు. మేస్త్రికి మిగిలిన పని ఒక్కటే: సూదక్క పక్కన పీట వేసుకుని కూర్చుని తన ముడి నేర్పడం. “మీరు చెప్పేది మీ చేతికి అర్థమవుతోంది గానీ నా చేతికి అవడం లేదు, అద్దంలో చూపించినట్టు చెప్పండి” అనేది ఆమె. ఆయన నోటితో చెప్పడం అదే మొదలు. చెప్పబోతే తనకే తెలియని సంగతులు ఎన్నో బయటపడ్డాయి. ఆ ముడిలో తాను ఎక్కడ ఊపిరి బిగబడతాడో కూడా.

వేకువల్లో మెలకువ వచ్చేది. కాళ్ళు చెప్పులకోసం వెతికేవి. “పడుకోండి. వాళ్ళ పుస్తకాలు వాళ్ళని చూసుకోనివ్వండి” అనేది ఇల్లాలు, కళ్ళు తెరవకుండానే. ఆయన పడుకునేవాడు కాదు గానీ, వెళ్ళేవాడూ కాదు. కిటికీ దగ్గర కూర్చుని దైవాన్ని తలుచుకునేవాడు. పాత ప్రార్థన నాలుకమీదకు వచ్చి సగంలో ఆగేది. ముఖాలు చిన్నబోకుండా చూడమని వేడడం ఇక చాతకాలేదు. “చిన్నబోయిన ముఖం మళ్ళీ ఎత్తుకునే బలమివ్వు స్వామీ” అని దాన్ని మార్చుకున్నాడు.

ఇవ్వవలసిన నాటి ఉదయం అందరితోపాటు తొమ్మిదింటికే ఆయన గడప తొక్కాడు. మరలు వదులు చేశారు. ఎవరు కట్టినది వారే తీసి, తెరిచి, వంచి చూసుకుంటున్నారు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. సూదక్క చేతిలో ముప్ఫయ్యోది ఆగింది. వెన్నుమీద ఆమె బొటనవేలు ఒకచోట నిలిచిపోవడం మేస్త్రి దూరంనుంచే చూశాడు. ఆ పుస్తకాన్ని అందుకుని చొక్కా చాటున దాచేయాలని చేయి దానంతటదే లేచింది.

సూదక్క గది నడుమకు నడిచింది. పుస్తకాన్ని పైకెత్తింది.

“ఇది నాది. కొత్త ముడి, ఇంకా నా చేతికి పట్టు దొరకలేదు. నాలుగో ఫారం దగ్గర పోయింది. చూడండి అందరూ, ఎక్కడ పోయిందో.”

మేస్త్రి ఆ నవ్వుకోసం చెవులు రిక్కించాడు. రాలేదు. వచ్చినవి అడుగుల చప్పుళ్ళు. ఫారాలు మడిచే అక్కచెల్లెళ్ళు, బావమరిది, తాత, మేనకోడలు, అందరూ పుట్టిన బిడ్డను చూడవచ్చిన చుట్టాల్లా ఆ పుస్తకం చుట్టూ మూగారు. “మడత ఇక్కడ మందంగా ఉందక్కా, తప్పు మాదీ సగం” అంది చెల్లెలు. “సగమెందుకు, నాకు పావు చాలు” అంది సూదక్క. నలభై ఎనిమిదేళ్ళుగా ఆయన చెవుల్లో ఉన్నదేదో ఆ గోలలో కలిసి ఎటో వెళ్ళిపోయింది.

లైబ్రేరియన్ గారు మధ్యాహ్నం వచ్చి లెక్కపెట్టారు. “ముప్ఫై అన్నాను.”

“ఇరవై తొమ్మిది నిలిచాయండి” అంది మేనకోడలు. “ఒకటి పోయింది. ఎందుకు పోయిందో తెలిసింది. రేపు పొద్దున్న నేనే తెచ్చిస్తాను.”

ఆవిడ ఒక పుస్తకం తీసి రెండు అట్టలూ వెనక్కి వంచి వంచి చూశారు. వెన్ను చెక్కుచెదరలేదు. చీటీమీది గుర్తులు చదివారు. “ఇన్నేళ్ళలో మీ దగ్గర ఒకటి పోయిందన్న మాట వినడం ఇదే మొదటిసారి” అన్నారు. “ఏదీ పోదనేవాళ్ళని నమ్మి నలభై ఒకటి తెచ్చుకున్నాను. ఇది నయం. సోమవారం మొదటి రెండొందలూ పంపిస్తాను. అవీ ఇలాగే వస్తే మిగతావీ మీవే.”

ఆవిడ వెళ్ళాక బావమరిది మధ్యాహ్నపు పొయ్యి ముట్టించాడు. సూదక్క ముప్ఫయ్యో పుస్తకాన్ని విప్పి, సగం ఫారాలు మేస్త్రి ముందుకు తోసింది.

“మీరూ కుట్టండి. కూర్చుని మాటలు చెబితే నాకు విసుగు.”

“వేలికి తెలియడం లేదు సూదక్కా.”

“కళ్ళకి తెలుస్తుందిగా.”

ఆయన కుట్టాడు. మెల్లగా, తొలిసారి కుట్టేవాడిలా. మూడో ఫారం దగ్గర ముడి వేసి, వంగి చూసుకుని, కొంచెం ఆలోచించి, పుస్తకాన్ని అందరికీ కనబడేలా పైకెత్తాడు.

“ఇది సరిగా రాలేదు” అన్నాడు.

“ఏదీ?” అని సూదక్క బొటనవేలు ఆనించి నొక్కి చూసింది. “అవును, వదులే. విప్పి మళ్ళీ కుట్టండి. నేను చూస్తుంటాను.”

మేస్త్రి పట్టపగటి వెలుతురులో, నలుగురి ఎదుట, కుట్టు విప్పసాగాడు.